మాస్టారి నాలుగు బటన్లు



ఈ నెల మేము వ్రాయబోవునది వాక్యధ్యానము కాదు. ఒక టీవీ రిమోట్ సంగతి. పాస్టరుగారికి ఇక వ్రాయడానికి విషయమే దొరకలేదా అని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నా ఫరవాలేదు గాని చివరివరకు చదవవలెనని మనవి.

2018లో మేము ఆత్రేయపురము దగ్గర కాలువగట్టు మీది ఒక సంఘములో సేవ చేయుచుండగా జరిగినదిది. ఆ ప్రాంతము అప్పటికి ఇంకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్‌లో గాని ఏర్పడలేదు. మా సంఘములో ఒక రిటైర్డ్ బడిపంతులుగారు ఉండేవారు. ఊరంతా ఆయనను మాస్టారు అనే పిలిచేవారు గనుక ఇక్కడ మేమును అలాగే పిలుస్తాము. ఆ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఆయనకు పక్షవాతము వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఎవరు ఏమి చెప్పినా అర్థమవుతుంది, తిరిగి చెప్పడమే రాదు. నలభై ఏళ్ళు పాఠము చెప్పిన నోరు అది.

కొడుకు కువైట్‌లో డ్రైవరు. కోడలు పగలు పూతరేకులు చుట్టే పనికి వెళ్ళేది. మనుమరాలు ఆరో తరగతి. అమ్మాయి బడినుండి వచ్చేవరకు మాస్టారు మంచము మీద ఒక్కరే. ప్రక్కింటి పిన్నిగారు మధ్యలో వచ్చి మంచినీళ్ళు పట్టించి వెళ్ళేవారు. మామగారికి తోడుగా ఉంటుందని కోడలు వెళ్ళేముందు టీవీ పెట్టి వెళ్ళేది. అది మంచి మనస్సుతో చేసినదే, అందులో సందేహము లేదు.

మేము ప్రతి గురువారము ఆయనను చూడ వెళ్ళి ప్రార్థన చేసేవారము. ఒక గురువారము ప్రార్థనలో ఉండగా ఆయన మా చొక్కా పట్టుకొని గట్టిగా లాగారు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుచున్నవి. టీవీలో ఏదో సీరియలు, అత్తాకోడళ్ళు అరుచుకొంటున్నారు. మేము ఆ అరుపులకంటె పెద్ద గొంతు చేసి ఇంకొంచెము సేపు ప్రార్థించాము. ఆత్మ ఆయనను తాకుచున్నాడని మాకు బహు సంతోషము కలిగింది. ఆ ఆదివారము ప్రసంగములో కూడా, పేరు చెప్పకుండా, ఆ కన్నీళ్ళను సాక్ష్యముగా వాడుకొన్నాము.

మరుసటి వారము వెళ్ళేసరికి బడికి సెలవు. మాస్టారు మళ్ళీ మా చొక్కా లాగారు. మేము కళ్ళు మూసుకోబోతుంటే మనుమరాలు మెల్లగా అన్నది: "అయ్యగారండీ, తాతయ్య టీవీ ఆపమంటున్నాడండి."

టీవీ ఆపగానే ఆయన మా చొక్కా వదిలేశారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కొన్నేళ్ళ క్రితము టీవీని సాతాను పెట్టె అని పుల్పిట్ మీదనుండి గద్దించిన వారము మేము. అదే పెట్టె ఒక దైవజనుని పొద్దున్నుండి సాయంత్రము వరకు వేధిస్తుంటే, దాని ప్రక్కనే కూర్చుండి దానికంటె గట్టిగా అరచి వచ్చాము.

మొదట మాకు తోచినది తేలిక ఉపాయము. రిమోట్లు తీసి ఆయన ఎడమచేతి దగ్గర పెట్టాము. రెండు రిమోట్లు: ఒకటి టీవీది, ఒకటి కేబులు డబ్బాది. కేబులు ప్రసారములు పల్లెల్లో కూడా డిజిటల్ కావలెనన్న గడువు 2017 మార్చితో ముగిసినందున అప్పటికి ఇంటింటా ఆ డబ్బా చేరింది, డబ్బాతో రెండో రిమోట్ వచ్చింది. రెండింటికీ కోడలు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి పెట్టింది. ఒక్కొక్కదాని మీద నలభై పైచిలుకు బటన్లు. వణికే ఎడమచేతితో ఆయన ఒకటి నొక్కబోతే ప్రక్కది పడేది. ఒకరోజు ఏది నొక్కారో, తెర నీలిరంగుకు మారి "సిగ్నల్ లేదు" అని సాయంత్రము వరకు అలాగే ఉన్నదట. ఆ మరునాటినుండి ఆయన రిమోట్ ముట్టనే లేదు.

మా యవ్వనస్థుల కూటములో కీబోర్డు వాయించే అబ్బాయి ఒకడు అప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుచున్నాడు. అతనికి చెప్పాము. "ఆయ్, లెర్నింగ్ రిమోట్ అని దొరుకుతుందండి అయ్యగారూ, వేరే రిమోట్లు దానికి నేర్పించుకోవచ్చండి" అన్నాడు. ఇద్దరమును కలిసి రాజమండ్రి వెళ్ళి దేవీచౌక్ దగ్గర బస్సు దిగి, రెండు మూడు దుకాణాలు తిరిగి ఒకటి కొన్నాము. అసలు రిమోట్‌ను, దీనిని ఎదురెదురుగా పెట్టి, దీనిలో నేర్చుకొనే బటను నొక్కి, దానిలో కావలసిన బటను నొక్కితే, అది విన్నది విన్నట్టు జ్ఞాపకము పెట్టుకొంటుంది. ఎదుటివాని మాట అర్థము తెలియకుండానే వల్లించే రామచిలుక అనుకోండి.

ఆ చిలుక మాకు పనిచేయలేదు. ఎందుకో చెప్పవలెనంటే రిమోట్ ఎలా మాటలాడునో కొంచెము చెప్పవలెను. మాకు తెలిసినది వేదాంతపు డిప్లొమా మాత్రమే, ఇదంతా ఆ అబ్బాయి మాకు నేర్పినదే.

రిమోట్ ముక్కున ఉండే చిన్న బల్బు మన కంటికి కనబడని పరారుణ కాంతిని ఇస్తుంది. (రిమోట్ పాడయిందో లేదో చూడవలెనంటే సెల్‌ఫోను కెమెరా ముందు పెట్టి బటను నొక్కండి. చాలా ఫోన్లలో తెల్లగా గాని ఊదాగా గాని మెరుపు కనబడుతుంది. ఒక కెమెరాలో కనబడకపోతే ముందువైపు కెమెరాతో చూడండి. మెరుపు కనబడితే రిమోట్ బాగున్నట్టే.) ఆ కాంతి ఊరకే వెలగదు, సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమంటుంది. గదిలోని దీపాల వెలుగునుండి దానిని వేరుచేసి టీవీ గుర్తుపట్టడానికే ఆ మినుకు. ఆ మినుకులను పొడుగు, పొట్టి ఖాళీలతో విడగొట్టి సున్నలు, ఒకట్లుగా పంపుతారు. ఎక్కువగా కనబడే ఎన్.ఈ.సి. పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడవైన కేక, తరువాత నాలుగున్నర మిల్లీసెకన్ల నిశ్శబ్దము, ఆపైన 32 అంకెలు. వాటిలో మొదటి సగము చిరునామా, రెండవ సగము ఆజ్ఞ. ప్రతిదానినీ ఒకసారి తిన్నగా, ఒకసారి తారుమారుగా పంపుతారు, వినడములో పొరపాటు లేదని సరిచూసుకొనుటకు. చిరునామా తనది కాకపోతే ఆ పెట్టె కదలదు. ఒకే గదిలో రెండు రిమోట్లు నొక్కినా డబ్బా మాట డబ్బాకే, టీవీ మాట టీవీకే చేరడము అందువల్లనే. కాపరి గొంతు పోల్చుకొనే గొర్రెలను గూర్చి మేము ఎన్ని ప్రసంగాలు చేశామో, ఈ ఉదాహరణ అప్పుడు తెలియలేదు.

మాస్టారి టీవీ ఈ పద్ధతిలోనిది కాదు. అది వెనుక పెద్ద మూపురమున్న పాతకాలపు టీవీ. ఫిలిప్స్ వారు రూపొందించిన ఆర్.సి.-5 అనే పద్ధతిలో పనిచేసేది. ఆ పద్ధతిలో 14 అంకెలుంటాయి, వాటిలో మూడవది విచిత్రమైనది. మీరు బటను నొక్కిన ప్రతిసారి అది సున్ననుండి ఒకటికి, ఒకటినుండి సున్నకు మారుతుంది. వేలు తీయకుండా నొక్కి పట్టుకొన్నారా, లేక తీసి మళ్ళీ నొక్కారా అని టీవీకి తెలియడానికి ఆ ఏర్పాటు. మన చిలుక ఒకసారి విన్నదానినే ఎప్పుడూ పలుకుతుంది గదా? ఆ మూడవ అంకె మారదు. మాస్టారు ఒకసారి నొక్కితే టీవీ ఆరింది. మళ్ళీ నొక్కితే, ఇంకా మొదటి నొక్కుడే సాగుతున్నదనుకొని ఆ పెట్టె కదలక మెదలక ఉన్నది. బ్యాటరీలు మార్చాము, అద్దము తుడిచాము. దుకాణదారుని అనవసరముగా అనుమానించాము కూడా. దానిలో తప్పేమీ లేదు.

అబ్బాయి ఒక రాత్రంతా కూర్చుండి చదివి ఈ సంగతి కనిపెట్టాడు. "విన్నది పలికితే చాలదండి, భాష నేర్పాలండి. కంప్యూటరుతో మనమే రాద్దామండి" అన్నాడు.

ఆర్డ్యుయినో అనే చిన్న పలక ఒకటున్నది, అరచేతిలో పడుతుంది. 2005లో ఇటలీ దేశపు ఇవ్రియా పట్టణములో చదువుకొనే పిల్లల కొరకు తయారైనది. కంప్యూటరులో వ్రాసిన ఆజ్ఞలను తీగద్వారా దానిలోనికి ఎక్కిస్తే, తీగ తీసేసిన తరువాత కూడా అది వాటిని మరువదు. రిమోట్ల భాషలన్నీ దానికి నేర్పే కార్యక్రమమును కొందరు ముందే వ్రాసి ఉచితముగా పంచిపెట్టారు. పలకకు ఆ రోజుల్లో సుమారు 450 రూపాయలు, కాంతిని వినే మూడు కాళ్ళ నల్లముక్కకు ఇరవై, పంపే బల్బుకు అంతకంటె తక్కువ. డబ్బులు మా యవ్వనస్థులే వేసుకొన్నారు.

మా ఇంటి బల్ల మీద అబ్బాయి లాప్‌టాప్ పెట్టి, రెండు రిమోట్లు తెచ్చి, ఒక్కొక్క బటను ఆ నల్లముక్క ముందు నొక్కుతూ తెరమీద కనబడిన సంకేతమును మేము చీటీ మీద వ్రాసుకొన్నాము. మొదటిరోజు అంతా గందరగోళము. ఏ బటనూ నొక్కకుండానే తెరమీద ఏవేవో అంకెలు పడేవి. మా సహధర్మచారిణి కాఫీ తెచ్చి, "చీకటిపడుతోంది, దీపమెందుకు లేదు" అని మా తలమీది సి.ఎఫ్.ఎల్. దీపము ఆపి ట్యూబులైటు వేసింది. అంకెలు ఆగిపోయాయి! ఆ సి.ఎఫ్.ఎల్. దీపము వెలుగులోని మినుకును నల్లముక్క రిమోట్ అనుకొన్నదన్నమాట. సూర్యకాంతి కూడా ఇలాగే గోల చేస్తుంది. అమెరికాలో జెనిత్ కంపెనీలో యూజీన్ పాలీ అనే ఇంజనీరు 1955లో వెలుగుతో పనిచేసే మొట్టమొదటి రిమోట్ చేసినప్పుడు, కిటికీలోనుండి పడిన ఎండకు కూడా ఆ టీవీలు స్పందించేవట. మరుసటి సంవత్సరమే అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ వెలుగును వదిలి, చెవికి వినబడని ధ్వనితో రిమోట్ చేశాడు. అనేక రిమోట్లను ఒక్కదానిలో ఇమిడ్చి, కంప్యూటరుకు కలిపే రిమోట్‌ను ఆపిల్ కంప్యూటరు చేసిన స్టీవ్ వోజ్నియాక్ 1987లోనే అమ్మాడు. మేము చేసినది కొత్త సంగతేమీ కాదన్నమాట. మంచము ప్రక్కకు మాత్రము కొత్తదే.

ఇక అసలు చర్చ: ఎన్ని బటన్లు పెట్టవలెను, ఏవి?

అబ్బాయి ఎనిమిది అన్నాడు. మేము ఆరు చాలునన్నాము, అందులో ఒకటి క్రైస్తవ ఛానలుకు తప్పనిసరి అన్నాము. కోడలు "వార్తలుండాలండి, మావయ్యగారు పేపరు వదిలేవారు కాదు" అన్నది. ఇలా ముగ్గురము వసారాలో కూర్చుండి అరగంట వాదించుకొన్నాము. మనుమరాలు లోపలినుండి వచ్చి, "తాతయ్యను అడగరా అండీ?" అన్నది.

మేము సిగ్గుపడి లోపలికి వెళ్ళాము. ఆయన మాటలాడలేరు గాని తల ఊపగలరు. ఆ సంగతి మాకు తెలియనిదా! ఒక్కొక్కటి అడిగాము. వార్తలు? ఊపారు. ప్రసంగాలు? కొంచెము ఆలోచించి, ఊపారు (మా ముఖము చూచి ఊపారేమో అని ఇప్పటికీ మాకు అనుమానము). సీరియళ్ళు? కళ్ళు మూసుకొన్నారు. "క్రికెట్?" అని మనుమరాలు అడిగింది. ఆయన ముఖము సగము పడిపోయినది గదా, ఆ మిగిలిన సగము నవ్వింది. బడిలో పిల్లల చేత క్రికెట్ ఆడించినది ఆయనేనని, రేడియో కామెంటరీ చెవి దగ్గర పెట్టుకొని వినేవారని తరువాత కోడలు చెప్పింది. ఆరేళ్ళు ఆయనకు పాస్టరుగా ఉండి మాకు అది తెలియదు.

మూడు బటన్లు అని తేలింది. పచ్చది వెలిగించడానికి, ఎర్రది ఆపడానికి, తెల్లది ఆ మూడు ఛానళ్ళ మధ్య వరుసగా తిరగడానికి. చిన్న బటన్లు ఆ చేతికి పనికిరావు గనుక ఎలక్ట్రికల్ దుకాణములో కాలింగ్ బెల్లు నొక్కులు కొన్నాము, బొటనవేలు కాదు, పిడికిలితో గుద్దినా పనిచేసేవి. వాటిని మొదట పూతరేకుల అట్టపెట్టెకు బిగించి చూచాము.

చూచిన వెంటనే పనిచేసిందనుకొంటున్నారేమో. తెల్ల బటను నొక్కితే ఛానలు నంబరులో మూడు అంకెలు ఒకదాని వెంట ఒకటి వెళ్ళాలి. పలక ఎంత వేగముగా పంపిందంటే డబ్బాకు రెండే వినబడేవి. మధ్యలో అరసెకను ఆగమని కంప్యూటరులో మళ్ళీ వ్రాశాము. తరువాత, మంచము దగ్గరనుండి టీవీ వరకు వెలుగు చాలలేదు. బల్బుకు ఒక ట్రాన్సిస్టరు తగిలించాడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒక్క పగటిలో అయిపోయింది. ఫోను చార్జరు పెట్టాము. కరెంటు పోతే టీవీయే ఉండదు గనుక రిమోట్ కూడా లేకపోయినా నష్టము లేదు.

కరెంటే అసలు చిక్కు తెచ్చింది. పచ్చ బటను నొక్కితే టీవీకి, డబ్బాకు రెండింటికీ "పవర్" ఆజ్ఞ వెళ్ళేలా వ్రాశాము. కాని ఆ ఆజ్ఞకు అర్థము "వెలుగు" అని కాదు, "ఉన్నదానికి వ్యతిరేకముగా మారు" అని. మా ఊళ్ళో కరెంటు పోయి వచ్చినప్పుడు డబ్బా తనంతట తానే వెలుగుతుంది, టీవీ నిద్రలోనే ఉంటుంది. అప్పుడు పచ్చది నొక్కితే టీవీ లేచేది, డబ్బా పడుకొనేది. మళ్ళీ ఆ నీలితెర! మాస్టారు ఆ నీలితెర చూచి ముఖము గోడవైపు తిప్పుకొన్నారు.

అబ్బాయి రెండు రోజులు ఆలోచించాడు. డబ్బాను ఇక ఎప్పుడూ ఆపకూడదని మొదట తీర్మానించాడు. టీవీ సంగతికి వస్తే, నిద్రలో ఉన్నప్పుడు పవర్ కాక అంకె నొక్కినా అది లేస్తుందని కోడలు ఎప్పుడో గమనించి ఉన్నది. అదే దారి చూపింది. పచ్చది నొక్కితే ముందు "1" వెళ్ళుతుంది: టీవీ పడుకొని ఉంటే లేస్తుంది, మెలకువగా ఉంటే ఒకటవ నంబరుకు పోతుంది. ఎలా ఉన్నా ఇప్పుడు అది ఎక్కడున్నదో మనకు తెలుసు. ఐదు సెకన్లు ఆగి, డబ్బా బొమ్మ చూపించే బటను ఒక్కసారి. ఆ తరువాత నీలితెర మళ్ళీ రాలేదు. ఆర్.సి.-5లోని ఆ మారే అంకెను కూడా పలక తానే మార్చుకొంటున్నది.

సంఘములోని వడ్రంగి సహోదరుడు మామిడి చెక్కతో పెట్టె చేసి ఇచ్చాడు, మంచము పట్టెకు బిగించుకొనేలా. కూలి పుచ్చుకోలేదు. ఆ పెట్టె చూచి మనుమరాలు, "ఇవి కాలింగ్ బెల్లువే గదా అండీ, ఒకటి నిజంగా మోగేది పెట్టకూడదా? తాతయ్యకు దాహమేస్తే?" అన్నది.

చదువుకొన్న మా ఇద్దరికీ అది తట్టలేదు. నాలుగవది నల్ల బటను. దానినుండి గోడవెంట తీగ లాగి ప్రక్కింటి పిన్నిగారి వసారాలో బ్యాటరీ గంట పెట్టాము. దానికి కంప్యూటరూ అక్కరలేదు, సంకేతమూ అక్కరలేదు. పాతిక రూపాయల గంట.

2018 ఆగస్టు 21, మంగళవారము మధ్యాహ్నము ఆ పెట్టెను మంచానికి బిగించాము. గదిలో టీవీ మోగుచున్నది. మాస్టారు ఎడమచేతిని మెల్లగా జరిపి ఎర్ర బటను నొక్కారు. టీవీ ఆగింది. కాలువ మీద బాతుల అరుపు వినబడింది. మేము బైబిలు తెరచి ప్రార్థనకు సిద్ధపడగా ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నారు. ఆగాము. కొంతసేపు ఆ గదిలో ఎవరూ ఏమీ మాటలాడలేదు. నాలుగు నెలల తరువాత ఆ పగలు ఆయన స్వంతమైనది.

తరువాత ఆయన తల ఊపితే మేము ప్రార్థన చేశాము, చిన్న గొంతుతో. ఆమేన్ అయిన వెంటనే ఆయనే పచ్చది నొక్కారు, తెల్లది రెండుసార్లు నొక్కారు. ఇంగ్లాండులో ట్రెంట్ బ్రిడ్జ్ టెస్టు నాలుగవ రోజు, బుమ్రా ఐదు వికెట్లు తీసిన రోజు. మేము కూడా టీ విరామము వరకు కూర్చున్నాము. ప్రసంగాల ఛానలు ఆయన పెట్టగా మేము ఎక్కువగా చూడలేదు, అది కూడా ఉన్నదున్నట్టు చెప్పవలెను.

ఇప్పటి టీవీలలో నోటితో చెప్పితే ఛానలు మారేవి వచ్చాయి. మంచివే, కాని మాట పోయినవారికి అవి ఏమి చేయగలవు? మీ ఇంట గాని మీ సంఘములో గాని అటువంటివారుంటే, పాలిటెక్నిక్ చదివే పిల్లవాడు ఒకడు మీ ఊళ్ళోనే ఉండవచ్చును. పని మొదలుపెట్టే ముందు మంచము మీది వారిని అడగండి.

మాస్టారు 2021లో ప్రభువునందు నిద్రించారు. ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. పెట్టెను కోడలు దాచుకొన్నది. మేము బదిలీ అయి వచ్చేముందు చూచాము, మిగిలిన మూడు బటన్ల రంగు నిలిచే ఉన్నది, ఎర్రదానిది మాత్రము పూర్తిగా పోయింది. గంటను పిన్నిగారు తీయనివ్వలేదట. ఆమె వసారాలోనే ఉన్నది.